పాపం చెప్పే చదువు, నేరం ఆపే చదువు

నేరాలు తగ్గాలంటే పిల్లలకు మతవిద్య నేర్పాలనే మాట ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. ఉట్నూర్‌లో నా పరిశోధన పని మీద తిరిగిన రోజుల్లో మసీదు పెద్దలు అన్నారు, టీకొట్టు దగ్గర కూర్చున్న ఉపాధ్యాయులు అన్నారు. "దీనీ తాలీమ్ సరిగ్గ ఉంటే ఆ పిల్లగాండ్లు అట్ల చెయ్యకపోదురు" అనేది ఈ మాటకు ఒక రూపం. దీనికి ఎదురుగా ఇంకో రూపం ఉంది. "వాళ్ల మదర్సాల్ల నేర్పేదే అది" అని. మొదటిది ముస్లిం పెద్దలు తమ పిల్లల గురించి పడే బాధలోంచి వస్తోంది. రెండోది ముస్లింలంటే గిట్టనివాళ్ల నోటి నుంచి వస్తోంది. వినడానికి ఇవి ఒకదానికొకటి బద్ధశత్రువుల్లా ఉంటాయి. నాకు మాత్రం ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. స్త్రీ మీద జరిగిన నేరాన్ని మతవిద్య ప్రశ్నగా మార్చేయటంలో రెండింటికీ తేడా లేదు. ఈ మార్పిడిలో నేరానికి గురైన మనిషి మాయమైపోతోంది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఈ చర్చ ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పాలి. 2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని ముగ్గురు మగవాళ్లు అత్యాచారం చేసి చంపారు. ఆమెను మనం 'సమత' అని పిలుచుకుంటున్నాం. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ఆ ముగ్గురికీ మరణశిక్ష వేసింది. ఆ ముగ్గురివీ ముస్లిం పేర్లు. తర్వాత 2024 ఆగస్టు 31న ఉట్నూర్‌కు దగ్గర్లోనే ఉన్న జైనూర్ మండలంలో ఒక ఆదివాసీ స్త్రీ మీద ఆటో డ్రైవర్ దాడి చేశాడు. మొదట అది రోడ్డు ప్రమాదమని అనుకున్నారు. ఆమెకు తెలివి వచ్చి నోరు విప్పిన తర్వాతే అది అత్యాచార ప్రయత్నమని, హత్యాయత్నమని బయటపడింది. నిందితుడు ముస్లిం. సెప్టెంబర్ 4న బంద్ జరిగింది. దుకాణాలు తగలబడ్డాయి, మసీదు మీద దాడి జరిగింది, కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు.

ఆ తర్వాత వారాల తరబడి సాగిన మాటల్లో ఆ ఆదివాసీ స్త్రీ ఎంత ఉందో వెతికి చూడండి. ఆమె ఆరోగ్యం ఎలా ఉంది, ఆమె ఇల్లు ఎలా గడుస్తోంది, ఊళ్లకు పోవడానికి ఆమెకు ఆటో తప్ప వేరే దారి ఎందుకు లేకపోయింది అన్న ప్రశ్నలు రెండు రోజుల్లోనే వెనక్కు పోయాయి. ముందుకు వచ్చింది 'వాళ్లు', 'మేము' అన్న లెక్క. కాలిపోయిన దుకాణాల వెనక ఇళ్లలో పిల్లలతో వణుకుతూ కూర్చున్న ముస్లిం స్త్రీలు కూడా ఆ లెక్కలో లేరు. ఆదివాసీ స్త్రీ గౌరవం పేరుతో జరిగిన విధ్వంసంలో ఆదివాసీ స్త్రీ నిర్ణయం ఎంత? ముస్లిం సమాజ రక్షణ పేరుతో జరిగిన సమావేశాల్లో ముస్లిం స్త్రీ ఎక్కడ కూర్చుంది? రెండు వైపులా మాట్లాడింది మగవాళ్లే.

మదర్సాలే నేరాలకు మూలం అనేవాళ్ల సంగతి త్వరగా తేల్చేద్దాం, ఎందుకంటే అందులో వాదన తక్కువ, ద్వేషం ఎక్కువ. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ప్రకారం బడికి పోయే వయసున్న ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది సుమారు 3 శాతం. మిగిలినవాళ్లలో సర్కారు బడికి పోయేవాళ్లున్నారు, ప్రైవేటు బడికి పోయేవాళ్లున్నారు, ఏ బడికీ పోకుండా మెకానిక్ షెడ్డుకో పండ్ల బండికో పోయేవాళ్లున్నారు. ముస్లిం యువకుడు చేసిన ప్రతి తప్పుకూ మదర్సాను నిలదీసేవాళ్లు ఈ ఒక్క అంకె చూసినా చాలు. 'జైళ్లలో వాళ్లే ఎక్కువ కదా' అంటారు. 2015 జైళ్ల గణాంకాల్లో శిక్ష పడ్డ ఖైదీల్లో ముస్లింలు 15.8 శాతం, విచారణ ఖైదీల్లో 20.9 శాతం. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 14.2 శాతం. నేరం రుజువైనవాళ్ల కంటే రుజువు కాకుండా లోపల పడి ఉన్నవాళ్ల వాటా ఎందుకు అంత పెద్దది? ఈ ప్రశ్నకు జవాబు మదర్సాలో కాదు, పోలీస్ స్టేషన్‌లో దొరుకుతుంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకుపోయి హింసించిన ముస్లిం యువకుల్లో కొందరికి తర్వాత ప్రభుత్వమే పరిహారం ఇవ్వవలసి వచ్చింది.

ఇంకో సంగతి కూడా అడగాలి. 2008 అక్టోబర్‌లో భైంసా అల్లర్లప్పుడు, అప్పటి ఇదే ఆదిలాబాద్ జిల్లా వటోలిలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని, పిల్లలతో సహా, నిద్రలో ఉండగా ఇంట్లోనే తగలబెట్టారు. ఆ పని చేసినవాళ్లు చిన్నప్పుడు ఏ భజన మందిరంలో ఏ పాఠం నేర్చుకున్నారని ఎవరైనా అడిగారా? 2019 నవంబర్ చివర్లో శంషాబాద్ దగ్గర 'దిశ' హత్య జరిగినప్పుడు నిందితులు నలుగురు. నలుగురిలో ఒక్క పేరును మాత్రమే పట్టుకుని ఫోన్లలో తిప్పారు. ఆ పేరు ఏదో మీరు ఊహించగలరు. ఆ నలుగురినీ డిసెంబర్ 6న పోలీసులు కాల్చి చంపారు, జనం పూలు చల్లారు. అవి బూటకపు ఎదురుకాల్పులని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో తేల్చింది. అదే వారంలో చనిపోయిన సమత కోసం పూలు పట్టుకొచ్చినవాళ్లు ఎంతమంది?

ఇక ముస్లిం పెద్దల మాటకు వస్తాను. ఈ మాటతోనే నాకు అసలు వాదన ఉంది, ఎందుకంటే ఇది మంచి ఉద్దేశంతో వస్తోంది. "మా మతవిద్య నేరాలను ఆపుతుంది, కావాలంటే చూడండి" అని వాళ్లు అంటున్నప్పుడు అందులో ఒక ఒప్పుకోలు కూడా ఉంది. మా పిల్లలు నేరం వైపు జారే పిల్లలే, మేం వాళ్లను చదువుతో పట్టి ఉంచుతున్నాం అని. ఏ రెడ్డి సంఘమో, వైశ్య సంఘమో తమ పిల్లలు నేరాలు చేయకుండా ఉండటానికే హాస్టల్ పెడుతున్నామని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోదు. సంజాయిషీ చెప్పుకోవలసిన భారం కొందరి నెత్తినే పడుతోంది.

తెలుగునాట ఈ భారానికి పాత చరిత్ర ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చాక, ఎరుకల కుటుంబాలను పోగు చేసి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. 1913లో మొదలైన ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ప్రార్థన, బోధన, క్రమశిక్షణ. మతవిద్యతో నేరం మాన్పించటానికి మన దగ్గర జరిగిన అతి పెద్ద ప్రయోగం అదే. ఆ ప్రయోగంలో ప్రార్థనతో పాటు హాజరు పట్టీ ఉంది, ఊరు దాటాలంటే పాస్ ఉంది, చీరాల పొగాకు కంపెనీకి కూలీల సరఫరా ఉంది. 1952లో చట్టం పోయింది. స్టువర్టుపురం అనే పేరు మాత్రం దొంగకు మారుపేరుగా సినిమాల దాకా మిగిలింది. 1970లలో హేమలతా లవణం, లవణం అక్కడ పని చేయటానికి వెళ్లినప్పుడు వాళ్ల చేతిలో బైబిలూ లేదు, ఖురానూ లేదు. వాళ్లు నాస్తికులు. ఆ మనుషులను మనుషులుగా పలకరించటం, బతకడానికి పని, పిల్లలకు బడి, వీటి చుట్టూ వాళ్లు తిరిగారు.

ఉట్నూర్ ప్రాంతానికే వస్తే, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వానికి గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనిపించింది. హైమండార్ఫ్ వచ్చాడు, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆ మార్లవాయి జైనూర్ మండలంలోనిదే. మంచి పనే, కాదనను. కానీ గోండులు అడిగింది మొదట భూమి. పాలకులకు ఎప్పుడూ చదువు చెప్పటం భూమి ఇవ్వటం కంటే తేలిక.

సరే, ఇదంతా పక్కన పెట్టి వాళ్ల వాదనను వాళ్ల మాటల్లోనే తీసుకుందాం. ఇస్లామిక్ విద్యలో నేరాన్ని ఆపే శక్తి ఎక్కడుందని అడిగితే మూడు నాలుగు మాటలు చెబుతారు. ఖౌఫ్-ఎ-ఖుదా, అంటే దేవుడంటే భయం. ఆఖిరత్, చనిపోయాక లెక్క చెప్పుకోవాల్సిన రోజు. హరామ్, హలాల్ తేడా. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్న మాట హుఖూఖుల్ ఇబాద్, తోటి మనుషుల హక్కులు. నమాజు తప్పితే దేవుడు క్షమించవచ్చు, సాటి మనిషికి అన్యాయం చేస్తే ఆ మనిషి క్షమించేదాకా దేవుడు కూడా క్షమించడు అని ఆ బోధ. ఇంత గొప్ప మాటను నేను తేలిగ్గా తీసేయను. హక్కులు పోగొట్టుకున్న మనిషి చేతికి, దేవుడు కూడా దాటలేని ఒక అధికారాన్ని ఇచ్చే మాట అది.

ఈ మాట ఉట్నూర్‌లో ఒక ఇంట్లో ఎలా బతుకుతోందో ఆ ఇంటి స్త్రీ నాకు చెప్పింది. ఆమె భర్త చనిపోయినప్పుడు శవం ఇంకా వాకిట్లో ఉండగానే అత్తగారి తరఫు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. "మహర్ మాఫ్ కర్దేవ్ బేటీ, వాని ఆత్మ మీద బరువు పెట్టకు" అన్నారు. ఆమె మాఫ్ చేసింది. "చెయ్యకుంటే ఏమనుకుంటరు మేడం? మనిషి పోయి పడుండె. పైసలు అడిగిన ఆడిదంటరు గద" అంది. మహర్ ఆమెకు రావలసిన బాకీ. శరీఅత్ ప్రకారమే, మరణించినవాడి ఆస్తిని వారసులు పంచుకోకముందు తీర్చవలసిన బాకీ. అన్యాయానికి గురైన మనిషి క్షమించాలి అన్న నియమం, ఆ మనిషికి బలం ఇవ్వడానికి పుట్టిన నియమం, ఆమె మెడ మీద చెయ్యి వేసి క్షమించమనే నియమంగా మారిపోయింది. చుట్టూ చేరినవాళ్లకు దీన్ తెలియక కాదు. తెలిసే, దాన్నే వాడారు.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. మతవిద్య పాపమేదో చెబుతుంది. పాపమని తెలియకపోవటం వల్ల స్త్రీల మీద నేరాలు జరగటం లేదు. ఒక్క ఊపులో మూడుసార్లు తలాఖ్ చెప్పటాన్నే తీసుకోండి. దానికి మదర్సాలో చెప్పే పేరే తలాఖ్-ఎ-బిద్దత్. అది పాపమని వందల ఏళ్లుగా హనఫీ మదర్సాల్లో చెబుతూనే ఉన్నారు. ఆ పాఠంలో రెండో వాక్యం కూడా ఉంది: పాపమే, కానీ చెల్లుతుంది. చెప్పినవాడు దేవుడికి జవాబు చెప్పుకుంటాడు, భార్య మాత్రం ఆ సాయంత్రమే పుట్టింటికి మూట సర్దుకోవాలి. పాపం అని చెప్పిన చదువు ఆ మూటను ఆపిందా? 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆ రెండో వాక్యాన్ని కొట్టేసింది. అంతటితో ఆగితే బాగుండేది. 2019 చట్టం భర్తకు మూడేళ్ల దాకా జైలు పెట్టింది. పేదింటి స్త్రీకి జైల్లో ఉన్న భర్త నుంచి మనోవర్తి ఎలా వస్తుందో ఆ చట్టం చేసినవాళ్లు ఇంతవరకూ చెప్పలేదు. అది వేరే వ్యాసం.

కట్నం సంగతి చూద్దాం. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ దాకా ముస్లిం పెళ్లిళ్లలో 'జోడే కీ రఖం' ఉంది. పెళ్లికొడుకు వైపు వాళ్లు తీసుకునే నగదు. దాని మీద బండి, ఫర్నిచరు, దావత్ ఖర్చు. పెళ్లికూతురి దగ్గర డబ్బు తీసుకోమని ఖురాన్‌లో ఎక్కడా లేదని అలీఫ్ బే నేర్చుకునే పిల్లవాడు కూడా చెబుతాడు. ఇవ్వవలసింది పెళ్లికొడుకే, ఇచ్చేది మహర్. అయినా జోడే కీ రఖం లెక్క తేలాకే నికాహ్ ఖుత్బా చదువుతారు. చదివేవారు చదువుకున్నవారే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది నేరం, ఆయన నేర్చుకున్న చదువు ప్రకారం అది తప్పు. ఆయనకు రెండూ తెలుసు, దావత్‌కు కూడా ఉంటారు. హిందువుల పెళ్లిళ్లలో పురోహితుడు చేసేదీ ఇదే కదా అంటారేమో, నిజమే. కానీ మా మంత్రాలు కట్నాన్ని ఆపుతాయని ఏ పురోహితుడూ ఉపన్యాసం ఇవ్వటం లేదు.

కూతురి వాటా ఇంకో ఉదాహరణ. కొడుక్కు రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు అని ఖురాన్‌లోనే స్పష్టంగా ఉంది. సమానం కాదు, ఆ చర్చ మనం చేయాలి. ఆ ఒక్క పాలైనా చేతికొచ్చిన ఆడవాళ్లు నాకు ఉట్నూర్‌లో అతి తక్కువగా కనిపించారు. "అన్నల దగ్గర వాటా అడిగితే ఈద్‌కు పిలిచేవాళ్లు ఉండరు" అన్నారు. చోరీ చేస్తే చెయ్యి నరకాలన్న శిక్ష గురించి గంటల తరబడి మాట్లాడేవాళ్లు అక్కాచెల్లెళ్ల పాలు మింగటాన్ని చోరీ కింద లెక్క వేయరు. ఏది నేరం, ఎవరు నేరస్థులు అనేది ముందే తేలిపోయి ఉంటుంది. వీధిలో జరిగేది నేరం. ఇంట్లో జరిగేది 'ఘర్ కీ బాత్'.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. తాగుడు విషయంలో కొంతమంది స్త్రీలు నాతో గట్టిగా వాదించారు. "మా ఆయన జమాత్‌కు పోయొచ్చినంక తాగుడు బంద్ చేసిండు. కొట్టుడు గూడ తగ్గింది. మీరు ఏమన్న అనుకోండి" అని ఒకామె నా మొహం మీదే చెప్పింది. ఆమె ఇంట్లో దెబ్బలు తగ్గాయంటే అది చిన్న విషయం కాదు, సామాజిక శాస్త్రంలో నా పట్టా కంటే ఆమె వీపు చెప్పే సాక్ష్యం పెద్దది. అదే స్త్రీ కొంచెం ఆగి ఇంకో మాట కూడా అంది. అప్పటి నుంచి బట్టల కొట్టులో తన పని మాన్పించాడని. తాగే రోజుల్లో తన సంపాదన తన చేతిలో ఉండేదని, ఇప్పుడు పైసా పైసాకూ అడగాలని. భర్త మారాడు. ఆమె మీద అతని అధికారం మారలేదు, దాని రూపం మారింది. అతను రేపు మళ్లీ పాత దారికి పోతే ఆమె దగ్గర ఏముంది?

మగవాడి మనసు మారటం మీద ఆధారపడిన ఏ నేర నివారణ అయినా ఇంతే. అది దయ. దయ ఎప్పుడైనా వెనక్కు పోవచ్చు.

చదువుకున్నవాడు నేరానికి కాపలా కాయటమే కాదు, తలుపు తీసిన సందర్భాలు కూడా మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1991లో హైదరాబాద్ పాతబస్తీ నుంచి అమీనా అనే పదేళ్ల పిల్లను అరవై ఏళ్ల సౌదీ పౌరుడు 'పెళ్లి' చేసుకుని విమానంలో తీసుకుపోతుంటే, ఆ పిల్ల ఏడుపు చూసి అడిగింది ఒక ఎయిర్‌హోస్టెస్. విమానంలో సీట్ల మధ్య తిరుగుతూ పని చేసుకునే ఒక ఉద్యోగిని. ఆ పెళ్లి జరిపించిన ఖాజీకి ఆ పిల్ల వయసు కనిపించలేదు. ఇరవై ఆరేళ్లు గడిచాక, 2017 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి పెళ్లిళ్ల కేసులో గల్ఫ్ దేశాల వృద్ధులతో పాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. ఖాజీ అంటే దీనీ చదువు లేనివాడా? పేదరికం ఉంది, దళారులున్నారు, డబ్బుంది, నిజమే. వాటన్నిటికీ చట్టబద్ధమైన కాగితం ఇచ్చిన చెయ్యి మాత్రం చదువుకున్న చెయ్యి. పాతబస్తీలో ఆ పిల్లల తరఫున నిలబడింది జమీలా నిషాత్ నడిపే షాహీన్ లాంటి స్త్రీల సంస్థలు. ఆ గల్లీల్లో ఎదురైన బెదిరింపుల మధ్యే నిలబడ్డారు.

ఇంతకీ ఆడపిల్లలకు అందుతున్న మతవిద్య ఏమిటి? ఉట్నూర్ లాంటి చిన్న పట్టణాల్లో మగరిబ్ నమాజుకు అటూ ఇటూగా జరిగే మక్తబ్‌లో పిల్లలు నేర్చుకునేది నాజిరా. అరబీ అక్షరాలను చూసి తప్పు లేకుండా పైకి చదవటం. అర్థం తెలియనవసరం లేదు. ఇంట్లో చిన్నపిల్లలకు నాజిరా చెప్పే ఒక ఆపాతో మాట్లాడాను. చాలా చురుకైన మనిషి, గొంతు ఎంతో బాగుంటుంది. స్త్రీల గురించే ఒక సూరా ఉంది కదా, సూరా నిసా, దాని అర్థం పెద్ద పిల్లలకు చెబుతారా అని అడిగాను. "చదవనీకి నేర్పుతున్న మేడం. అర్థం చెప్పనీకి నాకు ఇజాజత్ లేదు" అంది. ఎవరి ఇజాజత్ అని అడిగితే నవ్వి ఊరుకుంది.

ఖురాన్‌కు తెలుగు అనువాదాలు కొత్త కాదు. చిలుకూరి నారాయణరావు గారి కాలం నుంచీ ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఉర్దూ మీడియం చదువు అందక తెలుగు మీడియంలో చదివిన ముస్లిం ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు తెలుగులో ఆ పేజీలు చదివి, మహర్ ఎవరిది, వాటా ఎంత, నికాహ్‌నామాలో నా షరతులు రాయించుకోవచ్చా, తలాఖ్ చెప్పే హక్కును భర్త నాకు కూడా అప్పగించేలా ముందే రాయించుకునే 'తఫ్వీజ్' పద్ధతి ఉందట కదా అని మసీదు కమిటీని అడిగితే ఏమవుతుంది? ఆ భయమే ఇజాజత్ లేకపోవటానికి కారణం. 1991లో హైదరాబాద్ మొఘల్‌పురాలో మొదలైన ఆడపిల్లల మదర్సా జామియతుల్ మోమినాత్ 2003లో స్త్రీలను ముఫ్తీలుగా తయారు చేసినప్పుడు దేశమంతా ఆశ్చర్యంగా చూసింది. 2016లో భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ స్త్రీలకు ఖాజీ శిక్షణ ఇచ్చినప్పుడు ఆశ్చర్యం కాదు, కోపం వచ్చింది. తేడా గమనించండి. ఫత్వా చెప్పే స్త్రీ ఉన్న నియమాన్నే వివరిస్తుంది. ఖాజీ అయిన స్త్రీ నికాహ్ జరపటానికి ఒప్పుకోవచ్చు, కాదనీ అనవచ్చు. కాదనగల స్త్రీ చేతిలో ఉన్నప్పుడే ఆ చదువు మగవాళ్లకు ఇబ్బందిగా మారుతుంది.

తెలుగునాట చదువు నేరాన్ని ఆపిన సందర్భం ఒకటి మనందరికీ తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు అక్షరాలతో పాటు తమ బతుకు గురించిన పాఠాలు చదివారు. ఊళ్లో సారాకొట్టు మూయించారు. 1992 నాటికి సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారనుకోండి, అది ప్రభుత్వాల నైజం. ఆ రాత్రిబడిలో ఎవరూ మగవాళ్లకు తాగుడు పాపమని బోధించలేదు. తాగుడు తప్పని మగవాళ్లకు అంతకుముందూ తెలుసు. దెబ్బలు తినేవాళ్లు చదివారు, కలిసి కూర్చున్నారు, కలిసి లేచారు. జమాత్‌కు పోయొచ్చి మానేసిన భర్తకూ, దూబగుంటలో మూతపడ్డ సారాకొట్టుకూ మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్న తేడా.

మతవిద్య వద్దని నేను అనటం లేదు. పిల్లలకు ఖురాన్ చెప్పుకోవటం ముస్లిం తల్లిదండ్రుల హక్కు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు. దానికి నేర నివారణ అనే సాకు అవసరం లేదు, పోలీసుల మెప్పు అంతకన్నా అవసరం లేదు. మదర్సా అయినా, మిషన్ హాస్టల్ అయినా, ఏజెన్సీలో అడుగడుగునా ఉన్న ఆశ్రమ పాఠశాల అయినా, పిల్లలు రాత్రి పడుకునే ప్రతి చోటుకూ 2012 నాటి పోక్సో చట్టం ఒకే రకంగా వర్తించాలి. నా అభ్యంతరం ఒక్కటే. స్త్రీల మీద జరిగే నేరాలకు మందు మా దగ్గర ఉంది, మీరు మాట్లాడవద్దు అని మతపెద్దలు అనటం, ప్రభుత్వం దానికి తల ఊపి తన పని తప్పించుకోవటం.

ప్రభుత్వం పని అంటే ఏమిటో ఉట్నూర్ చుట్టుపక్కల తిరిగితే తెలుస్తుంది. 2023 డిసెంబర్ నుంచి స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. బస్సే రాని గూడేనికి ఉచిత టికెట్ ఏం చేసుకోవాలి? చీకటి పడ్డాక గోండు స్త్రీ అయినా, లంబాడీ స్త్రీ అయినా, ముస్లిం స్త్రీ అయినా ఎక్కవలసింది ఆ షేర్ ఆటోనే. ఆ ప్రయాణంలో ముగ్గురి భయమూ ఒకటే. సమత ఊరూరా నడిచిన దారుల్లో బస్సు, దీపం, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఆడ పోలీసు అడుగుదాం. స్టేషన్‌లో గోండీలో చెప్పినా దక్కనీ ఉర్దూలో చెప్పినా రాసుకునే మనిషి కావాలందాం. ఇవి అడిగే అర్జీ మీద ఆదివాసీ స్త్రీ వేలిముద్ర, ముస్లిం స్త్రీ సంతకం పక్కపక్కన పడటం చాలామందికి ఇష్టం ఉండదు. జైనూర్ తర్వాత మరీ ఇష్టం ఉండదు. అందుకే అది ముందు జరగాలి.

మసీదు కమిటీలను కూడా అడుగుదాం. మీ చదువు నేరాన్ని ఆపుతుందంటున్నారు కదా, మీ చేతిలో ఉన్నవాటితోనే మొదలుపెట్టండి. జోడే కీ రఖం తీసుకున్న పెళ్లికి నికాహ్ చదవబోమని ఒక్క తీర్మానం చేయండి. పెళ్లికూతురి వయసు కాగితం చూడందే రిజిస్టరు తెరవబోమనండి. మహర్‌ను తర్వాత చూద్దామనకుండా నికాహ్ రోజునే ఆమె బ్యాంకు ఖాతాలో వేయించండి. శవం పక్కన కూర్చుని మాఫ్ చేయమనేవాళ్లను జుమ్మా ప్రసంగంలో పేరు పెట్టకుండానే తప్పు పట్టండి. నికాహ్‌నామాలోని షరతులను సంతకానికి ముందు పెళ్లికూతురికి తెలుగులో చదివి వినిపించండి. ఆ చదివి వినిపించే పనికి ఉట్నూర్‌లో మంచి గొంతున్న ఒక ఆపా నాకు తెలుసు. ఆమెకు ఇజాజత్ ఇవ్వండి.